హ్యామ్ రేడియోకు టవర్, యాంటెన్నా: స్థలం కొలవడం నుంచి మొదటి పిలుపు దాకా

హ్యామ్ రేడియో (సరదాకు, ప్రయోగాలకు నడిపే సొంత రేడియో స్టేషన్) లైసెన్సు చేతికి రాగానే చాలామంది అడిగే ప్రశ్న, ‘ఎంత ఎత్తు టవర్ పెట్టాలి?’ అని. నిజానికి అది మూడో ప్రశ్న. ఎంత దూరంలో ఉన్నవాళ్లతో మాట్లాడాలనుకుంటున్నారన్నది మొదటిది. అందుకు ఏ యాంటెన్నా కావాలన్నది రెండోది. ఈ రెండూ తేలితే ఎత్తు దానంతట అదే తేలుతుంది. ముందే టవర్ కొనేసినవాళ్లు, అది మోయగల యాంటెన్నా ఏదో వెతుక్కుంటూ ఏళ్ల తరబడి సర్దుకుపోవలసి వస్తుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఈ పనిలో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. కారణాలు ముఖ్యంగా రెండు: యాంటెన్నా కరెంటు తీగకు తగలడం, మనిషి పైనుంచి పడటం. అందుకే నేల మీద చేసుకోవలసిన సన్నాహాలకే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను. నేల మీద ఒక గంట ఎక్కువ పనిచేస్తే, పైన ఆ మేరకు తక్కువసేపు వేలాడతాం.

1. ముందు స్థలం, తర్వాతే సామాను

కొలత టేపు, కాగితం తీసుకుని స్థలమంతా నడవండి. హద్దులు, ఇల్లు, చెట్లు, స్తంభాలు, కరెంటు తీగలు, అన్నింటినీ కొలతలతో గీసుకోండి.

టవర్, దానిపై మాస్టు (యాంటెన్నాను మోసే నిలువు గొట్టం), యాంటెన్నా కలిపి మొత్తం ఎత్తు లెక్కవేయండి. దానికి కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో ఏ కరెంటు తీగా ఉండకూడదు. 12 మీటర్ల టవర్ మీద 2 మీటర్ల మాస్టు ఉంటే మొత్తం 14 మీటర్లు. అంటే 21 మీటర్ల లోపల తీగ లేని చోటు కావాలి. అంత చోటు లేకపోతే ఎత్తు తగ్గించండి, లేదా గోడకు బిగించే చిన్న మాస్టుతో మొదలుపెట్టండి. తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంది కదా అని ధైర్యం చేయొద్దు. ఎండకు, వానకు ఆ తొడుగు బీటలు వారుతుంది. వైరు యాంటెన్నానైతే కరెంటు తీగ మీదుగా గానీ, దాని కిందుగా గానీ ఎన్నడూ లాగొద్దు.

బ్యాటరీతో నడిచే చిన్న రేడియోను ఏఎమ్‌లో పెట్టి, స్టేషన్ లేని చోట ఉంచి, స్థలంలో నాలుగు మూలలా తిరగండి. రొద ఎక్కడ తక్కువగా ఉందో చెవికే తెలుస్తుంది. చార్జర్లు, ఎల్‌ఈడీ దీపాలు, ఇన్వర్టర్లు చేసే రొదకు రెండు గోడల దూరం కూడా పెద్ద తేడా తెస్తుంది. ఈ పావుగంట పని చాలామంది చేయరు. చేసినవాళ్లు మాత్రం చాలాసార్లు యాంటెన్నా చోటు మార్చుకుంటారు.

కాగితం మీద తేల్చుకోవలసినవి:

- లైసెన్సు షరతులు, స్థానిక నిర్మాణ అనుమతి, దగ్గర్లో విమానాశ్రయం ఉంటే ఎత్తు పరిమితి
- నేల కింద పోయే నీటి గొట్టాలు, గ్యాస్ గొట్టాలు, కేబుళ్లు
- టవర్ కూలితే ఎటు పడుతుంది, ఆ దిక్కున ఏముంది
- గై తీగల (టవర్‌ను పక్కలనుంచి పట్టి నిలిపే తీగలు) లంగర్లు హద్దులోపలే పడతాయా
- టవర్ అడుగు నుంచి రేడియో గది దాకా కేబుల్ దారి, దాని పొడవు
- పక్కింటివాళ్లకు ముందుగా చెప్పడం

2. యాంటెన్నాను ఎంచుకోవడం

మొదటి యాంటెన్నాగా నేను ఎవరికైనా చెప్పేది అర్ధతరంగ డైపోలే, అంటే తరంగదైర్ఘ్యంలో సగం పొడవుండేది. రెండు రాగి తీగలు, మధ్యలో ఒక ఇన్సులేటర్, చివర్లలో రెండు. మొత్తం పొడవు మీటర్లలో కావాలంటే 143ను మెగాహెర్ట్జ్‌తో భాగించాలి. 7.1 మెగాహెర్ట్జ్‌కు సుమారు 20.1 మీటర్లు, 14.15కు 10.1 మీటర్లు. ఇది ఆరంభ కొలత మాత్రమే. ప్రతి కొసనా ఒక అడుగు అదనంగా ఉంచి కోయండి.

రెండు ఎత్తైన ఆధారాలు లేకపోతే, మధ్యభాగాన్ని ఒక్క మాస్టుకు ఎత్తి కొసలను వాలుగా కిందికి కట్టండి. తిరగేసిన ‘వి’ ఆకారం వస్తుంది. పైన కోణం 90 డిగ్రీలకు తగ్గకూడదు, 120 దగ్గర ఉంటే ఇంకా మంచిది. ప్రసారం చేసేటప్పుడు కొసల్లో వోల్టేజి బాగా ఎక్కువ. కాబట్టి చేయెత్తినా అందనంత ఎత్తులో, కనీసం 3 మీటర్ల పైన, కొసలు ఉండాలి.

చోటు బొత్తిగా లేనివాళ్లకు నిలువు యాంటెన్నా. పావుతరంగ పొడవుకు 71.5ను మెగాహెర్ట్జ్‌తో భాగించండి. ఇది దూరప్రాంతాలకు బాగా పనిచేస్తుంది, కానీ కింద రేడియల్ తీగలు (అడుగు నుంచి నలుదిక్కులా పోయే తీగలు) పరిస్తేనే. నేల మీద వేసే రేడియల్స్ కొలత కచ్చితంగా ఉండనక్కర్లేదు. 16 నుంచి 32 దాకా వేయండి. నేలకు ఎత్తుగా కట్టే రేడియల్స్ అయితే నాలుగు చాలు, కాని వాటి పొడవు మాత్రం సరిగ్గా పావుతరంగమే ఉండాలి.

మూడు ఎలిమెంట్ల (అడ్డకడ్డీల) యాగీ, అంటే శక్తిని ఒకే దిక్కుకు మళ్లించే యాంటెన్నా, డైపోల్ కన్నా సుమారు 5 డెసిబెల్స్ ఎక్కువ ఇస్తుంది. అంటే ప్రసార శక్తిని మూడింతలు చేసినట్టు. వెనకనుంచి వచ్చే అక్కర్లేని సిగ్నళ్లను కూడా అణుస్తుంది. బదులుగా బలమైన టవర్, రోటేటర్ (యాంటెన్నాను తిప్పే మోటారు), ఏటా శ్రద్ధ అడుగుతుంది. రెండేళ్లు డైపోల్‌తో గడిపాక, ఏ దిక్కున ఏ బ్యాండ్‌లో మీకు ఆసక్తో తెలిసినప్పుడు దీనికి వెళ్లండి.

వీహెచ్‌ఎఫ్‌లో (30 నుంచి 300 మెగాహెర్ట్జ్ దాకా) రిపీటర్ల కోసం, అంటే సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ప్రసారం చేసే స్టేషన్ల కోసం, ఎఫ్‌ఎమ్ కోసం యాంటెన్నా నిలువుగా ఉండాలి. సైడ్‌బ్యాండ్‌లో (మాటలు పంపే ఇంకో పద్ధతి) దూరాలకు అడ్డంగా ఉండాలి. ఈ రెండూ తారుమారైతే 20 డెసిబెల్స్ దాకా నష్టం. మంచి యాంటెన్నాను తప్పు వాటంలో కట్టి, అది పనిచేయడం లేదని తీసేసినవాళ్లను చూశాను.

3. ఎత్తు ఎంత?

డైపోల్‌కైనా, యాగీకైనా ఎత్తును మీటర్లలో కాకుండా తరంగదైర్ఘ్యంతో పోల్చి చూడాలి. నేలకు అర్ధతరంగం ఎత్తులో ఉన్న యాంటెన్నా నుంచి ముఖ్య కిరణం సుమారు 30 డిగ్రీల కోణంలో బయలుదేరుతుంది. ఒక పూర్తి తరంగం ఎత్తులో ఉంటే అది 14 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. కోణం ఎంత తక్కువైతే అంత దూరం. పావుతరంగం ఎత్తులోనైతే శక్తి ఎక్కువగా నేరుగా పైకే పోతుంది.

కాబట్టి 10 మీటర్ల ఎత్తు 20 మీటర్ల బ్యాండ్‌కు (తరంగదైర్ఘ్యం సుమారు 20 మీటర్లున్నది) చక్కగా సరిపోతుంది. అదే ఎత్తు 40 మీటర్ల బ్యాండ్‌కు పావుతరంగమే. కొన్ని వందల కిలోమీటర్లలో ఉన్నవాళ్లతో హాయిగా మాట్లాడుకోవచ్చు, ఖండాంతరాలకు మాత్రం కష్టపడాలి. చుట్టుపక్కలవాళ్లతో మాట్లాడటమే మీ కోరికైతే ఇది లోపం కాదు, అదే మీకు కావలసింది.

వీహెచ్‌ఎఫ్‌లో లెక్క వేరు. మీటర్లలో ఎత్తు వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. 10 మీటర్లకు 13 కిలోమీటర్లు, 20 మీటర్లకు 18. ఎత్తు రెట్టింపైనా దూరం రెట్టింపు కాదు. అయితే పక్కనున్న మేడలను, చెట్లను దాటించే చివరి రెండు మీటర్లే ఒక్కోసారి మొత్తం తేడా చూపిస్తాయి.

4. టవర్ రకం, గాలి లెక్క

మూడు రకాలున్నాయి. గై తీగలతో నిలిచేవి తేలిక, కాని చుట్టూ చోటు కావాలి. స్వయంగా నిలిచేవాటికి చోటు తక్కువ చాలు, పునాది మాత్రం చాలా పెద్దది. అడుగున కీలు ఉండి నేలకు ఒరిగేవి మూడో రకం. కుదిరితే ఒరిగేదాన్నే తీసుకోమంటాను. యాంటెన్నా పని అంతా నేల మీద నిలబడే చేసుకోవచ్చు.

టవర్‌ను పడగొట్టేది యాంటెన్నా బరువు కాదు, గాలి. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సెకనుకు 20 మీటర్ల గాలిలో చదరపు మీటరుకు సుమారు 25 కిలోల ఒత్తిడి ఉంటే, 40 మీటర్ల గాలిలో 100 కిలోలు. మూడు బ్యాండ్ల యాగీకి గాలి తగిలే వైశాల్యం అర చదరపు మీటరు అనుకోండి. ఆ తుఫాను గాలిలో టవర్ కొసను 50 కిలోల బలం పక్కకు నెడుతుంది. 12 మీటర్ల ఎత్తున ఆ బలం పనిచేస్తే టవర్ అడుగును వంచే ప్రభావం 600 కిలోగ్రాము-మీటర్లు అవుతుంది. టవర్‌కు తగిలే గాలి దీనికి అదనం.

కాబట్టి రెండు సంఖ్యలు కలిపి చూడండి: తయారీదారు ఏ గాలి వేగానికి ఎంత వైశాల్యం మోస్తుందని చెప్పాడు, మీ ప్రాంతంలో నిర్మాణాలకు నిర్దేశించిన గాలి వేగం ఎంత. రోటేటర్, మాస్టు, రేపు చేర్చబోయే వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా వైశాల్యాలను కూడా కలపండి. యాగీ టవర్ కొసకు ఎంత దగ్గరగా ఉంటే మాస్టుకు అంత క్షేమం.

పాత టవర్ కొంటుంటే ప్రతి కాలు అడుగును సుత్తితో మెల్లగా తట్టి వినండి. గట్టి ఇనుము గణగణమంటుంది. లోపల తుప్పు తిన్నది మొద్దుగా మోగుతుంది. వెల్డింగ్ పగుళ్లు, వంగిన అడ్డకమ్మీలు కనిపిస్తే ఆ సెక్షన్ వద్దు.

5. పునాది, లంగర్లు

గుంత కొలతలు, ఇనుప కడ్డీల అల్లిక తయారీదారు చిత్రపటం ప్రకారమే ఉండాలి. ఆ చిత్రపటం ఒక రకం మట్టిని అనుకుని గీసింది. మీది వదులు ఇసుక గానీ, ఉబ్బి బీటలిచ్చే నల్లరేగడి గానీ అయితే స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. ఇక్కడ ఊహలు పనికిరావు.

- గుంత పక్కలు నిట్టనిలువుగా, తవ్వని మట్టితో ఉండాలి.
- మట్టికి, కడ్డీలకు మధ్య 75 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి.
- బోల్టులను చెక్క మూసలో బిగించి, అన్ని వైపులా లెవెల్ చూశాకే కాంక్రీటు పోయండి.
- బోలు కాళ్లున్న టవర్‌కు అడుగున కంకర వేసి, నీరు దిగిపోయే దారి వదలండి.
- పైభాగాన్ని కొద్దిగా వాలుగా నునుపు చేయండి, నీరు నిలవదు.
- మొదటి వారమంతా తడుపుతూ ఉండండి.

కాంక్రీటు పూర్తి బలానికి 28 రోజులు పడుతుంది. పైకి గట్టిగా కనిపించినా ఆగండి. ఆ నాలుగు వారాల్లో చేయాల్సిన పని చాలా ఉంది.

6. ఆగిన రోజుల్లో: కేబుల్, కనెక్టర్లు, నేల మీద పరీక్ష

145 మెగాహెర్ట్జ్ దగ్గర 30 మీటర్ల ఆర్‌జీ-58 (సన్నని కోయాక్సియల్ కేబుల్ రకం) కేబుల్‌లో 5 నుంచి 6 డెసిబెల్స్ పోతాయి. రేడియో నుంచి 50 వాట్లు బయలుదేరితే యాంటెన్నాకు చేరేది 12 నుంచి 16 వాట్లు. ఆర్‌జీ-213లో నష్టం 3 డెసిబెల్స్ లోపు, ఎల్‌ఎంఆర్-400లో సుమారు ఒకటిన్నర. అదే ఆర్‌జీ-58లో 7 మెగాహెర్ట్జ్ దగ్గర పోయేది ఒక డెసిబెల్‌కు కాస్త ఎక్కువ మాత్రమే. కాబట్టి ఖర్చంతా వీహెచ్‌ఎఫ్ కేబుల్ మీద పెట్టండి.

డైపోల్, యాగీ ఫీడ్ పాయింట్ (కేబుల్ యాంటెన్నాకు కలిసే చోటు) దగ్గర 1:1 బాలన్ (కేబుల్ బయటి తొడుగు మీద కరెంటు పారకుండా ఆపే భాగం) తప్పనిసరిగా పెట్టండి. అది లేకపోతే కేబుల్ బయటి తొడుగు కూడా యాంటెన్నాలో భాగమై, ఇంట్లోని రొదనంతా రేడియోలోకి మోసుకొస్తుంది. మైక్రోఫోను పెదవికి తగిలితే చురుక్కుమనడం కూడా దాని లక్షణమే.

కనెక్టర్లను వాన నుంచి కాపాడటం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక వానకాలం నా స్టేషన్ నుంచి జవాబులు తగ్గిపోయాయి. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే సంఖ్య, 1కి ఎంత దగ్గరైతే అంత మంచిది) మీటర్ మాత్రం ఎప్పటికన్నా మంచి సంఖ్య చూపిస్తోంది. నెలరోజులు వాతావరణాన్నే అనుమానించాను. చివరికి పై కనెక్టర్ విప్పి కేబుల్ తొడుగు కోస్తే, మెరిసే రాగి అల్లిక ఉండాల్సిన చోట మసిలాంటి నలుపు, దానిమీద పచ్చటి పొడి. కత్తి అంచు మీదికి ఒక నీటి చుక్క జారింది.

నష్టం ఎక్కువైన కేబుల్ ఎస్‌డబ్ల్యూఆర్‌ను దాచేస్తుంది. 6 డెసిబెల్స్ నష్టమున్న కేబుల్‌కు అవతలి కొసన యాంటెన్నాయే లేకపోయినా, ఇవతల మీటర్ 1.7 చూపిస్తుంది. అందుకే కొత్త కేబుల్‌ను అవతల డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులుగా శక్తిని పీల్చుకునే పరికరం) పెట్టి, రెండు కొసల దగ్గరా వాట్లు కొలిచి రాసుకోండి. తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా పోల్చుకోవడానికి ఆ అంకె ఉంటుంది.

నీరు చొరకుండా చుట్టే పద్ధతి:

- కనెక్టర్‌ను పూర్తిగా బిగించి, తుడిచి ఆరనివ్వండి.
- తనంతట తాను అతుక్కుపోయే రబ్బరు టేపును సాగదీస్తూ, కింది నుంచి పైకి, సగం వెడల్పు ఒకదానిపై ఒకటి పడేలా చుట్టండి. అప్పుడే పొరలు పెంకుల్లా నీటిని కిందికి జారుస్తాయి.
- దానిపై ఎండకు తట్టుకునే మంచి వినైల్ టేపు ఒక పొర. చివరి చుట్టును సాగదీయకండి, లేచిపోతుంది.
- కేబుల్ ఇంట్లోకి వచ్చేముందు ఒక వంపు కిందికి వేలాడాలి. నీరు అక్కడే చుక్కలుగా రాలిపోతుంది.

ఇక యాంటెన్నాను నేలకు రెండు మీటర్ల ఎత్తులో కట్టి ఎనలైజర్‌తో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎస్‌డబ్ల్యూఆర్ ఎంతో చూపే సాధనం) చూడండి. యాగీనైతే రిఫ్లెక్టర్ (వెనక ఎలిమెంట్) కిందికి ఉండేలా ఆకాశంవైపు నిలబెట్టి కొలవండి. డైపోల్ 20.6 మీటర్ల పొడవులో 6.95 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతోంది, అంటే ఎస్‌డబ్ల్యూఆర్ అక్కడే అతి తక్కువ, మీకు 7.1 కావాలనుకోండి. 20.6ను 6.95తో గుణించి 7.1తో భాగిస్తే 20.17 మీటర్లు. అంటే ఒక్కో వైపు 22 సెంటీమీటర్లు తగ్గాలి. వెంటనే కత్తిరించొద్దు. కొసను వెనక్కి మడిచి తీగకే చుట్టండి. పైకెత్తాక పలికే ఫ్రీక్వెన్సీ సాధారణంగా కాస్త పెరుగుతుంది కాబట్టి, నేల మీద కొంచెం తక్కువలోనే ఆపండి.

7. నిలబెట్టే రోజు

గాలి లేని ఉదయం మొదలుపెట్టండి. మధ్యలో గాలి లేచినా, ఉరుము వినిపించినా ఆపేయండి. ఒక్కరే ఆజ్ఞలివ్వాలి, మిగతావారు వినాలి. అందరికీ హెల్మెట్లు ఉండాలి, పిల్లలు ఆ పరిసరాల్లోకి రాకూడదు.

ఎక్కే మనిషికి పూర్తి శరీర హార్నెస్, రెండు లాన్యార్డులు (హార్నెస్‌ను టవర్‌కు తగిలించే తాళ్లు) కావాలి. ఒకటి విప్పేముందు రెండోది తగిలించి ఉండాలి. ఎక్కుతున్నా, దిగుతున్నా, పనిచేస్తున్నా ఒక్క క్షణం కూడా టవర్‌కు కట్టుబడకుండా ఉండకూడదు. నడుముకు మాత్రమే కట్టే పాత బెల్టు పడినప్పుడు కాపాడదు, వెన్నును విరుస్తుంది. ఎత్తు భయం గానీ, అలసట గానీ ఉంటే అనుభవజ్ఞులైన పనివారిని పిలవండి.

సెక్షన్లను ఒక్కొక్కటిగా పేర్చేటప్పుడు, నిలిచిన సెక్షన్ పైన జిన్ పోల్ బిగించి, దాని కొసనున్న కప్పీ గుండా తాడుతో తర్వాతిదాన్ని లాగుతారు. లాగేది కిందివాళ్లే. పైనున్న మనిషి దారి చూపి బిగిస్తాడు. శాశ్వత గై తీగలు కట్టే ఎత్తు చేరేదాకా తాత్కాలిక గై తాళ్లు ఉండాలి.

కీలు టవర్‌ను లేపేటప్పుడు వించ్ మీద అత్యధిక భారం నేలనుంచి లేచే మొదటి క్షణంలోనే పడుతుంది. ఒక అడుగు లేపి, ఆపి, ప్రతి ముడినీ మళ్లీ చూసి, అప్పుడు కొనసాగించండి.

8. గై తీగలు

లంగర్లు టవర్ చుట్టూ 120 డిగ్రీల తేడాతో మూడు దిక్కుల్లో ఉండాలి. టవర్ నుంచి దూరం ఎత్తులో 80 శాతం దాకా, అంటే 15 మీటర్లకు 12. మరీ దగ్గరగా పెడితే తీగ టవర్‌ను పక్కకు ఆపడం మాని కిందికి నొక్కడం మొదలుపెడుతుంది.

బిగువు తీగ తెగే బలంలో 10 శాతం. 4.8 మిల్లీమీటర్ల ఈహెచ్‌ఎస్ (అతి ఎక్కువ బలమున్న) ఉక్కు తీగ సుమారు 1,800 కిలోలకు తెగుతుంది, కాబట్టి 180 కిలోలు. చేత్తో పట్టి అంచనా వేయొద్దు, బిగువు కొలిచే సాధనం అరువు తెచ్చుకోండి. మూడింటినీ వంతులవారీగా, కొంచెం కొంచెంగా బిగిస్తూ, ప్రతిసారీ తూకపు గుండు వేలాడదీసి టవర్ నిలువు చూడండి.

క్లాంపుల దిశ చాలామంది తప్పుచేసే చోటు. క్లాంపులో చదును జీను బరువు మోసే తీగ మీద, వంగిన బోల్టు కత్తిరించిన కొస మీద ఉండాలి. తిరగేస్తే బోల్టు బరువు మోసే తీగనే నలిపేస్తుంది. ప్రతి కొసకూ మూడు క్లాంపులు వేయండి. టర్న్‌బకిల్ (తీగ బిగువు సర్దే మర) గాలికి తనంతట తాను విప్పుకోకుండా, దాని నడుమ నుంచి తీగముక్క దూర్చి కట్టేయండి. ఉక్కు తీగలను మధ్యమధ్యలో గుడ్డు ఆకారపు ఇన్సులేటర్లతో ముక్కలు చేయండి. లేకపోతే అవి యాగీ దిశనే పాడుచేస్తాయి.

9. పిడుగు, ఎర్తింగ్

టవర్ ప్రతి కాలికీ ఒక ఎర్త్ కడ్డీ, 2.4 మీటర్లది, పాతండి. కడ్డీల మధ్య దూరం వాటి పొడవుకు రెట్టింపు ఉంటే మేలు. కలిపే తీగ వీలైనంత నిటారుగా పోవాలి, మెలికలు, లంబకోణ వంపులు వద్దు. గాల్వనైజ్ చేసిన ఉక్కుకు రాగిని నేరుగా తాకించకండి, ఉక్కు మీది జింకు పొర తినుకుపోతుంది. మధ్యలో స్టెయిన్‌లెస్ పలక పెట్టండి.

కేబుళ్లన్నీ ఇంట్లోకి ఒకే చోటునుంచి రావాలి. అక్కడ లోహపు పలక మీద పిడుగు అరెస్టర్లు (పిడుగు విద్యుత్తును ఎర్త్‌కు మళ్లించేవి) ఉండాలి. ఆ ఎర్త్, టవర్ ఎర్త్, ఇంటి విద్యుత్ ఎర్త్ అన్నీ కలిసి ఉండాలి. విడివిడిగా ఉన్న ఎర్తింగ్, అసలు లేనిదానికన్నా ప్రమాదం కావచ్చు, ఎందుకంటే పిడుగు పడ్డప్పుడు రెండింటి మధ్య వోల్టేజి తేడా మీ రేడియో గుండానే దారి వెతుక్కుంటుంది. ఇంటి విద్యుత్ ఎర్త్‌తో కలిపే పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

10. లక్షణం చూసి లోపం పట్టడం

- ఎస్‌డబ్ల్యూఆర్ బ్యాండంతటా 3 పైన: ఫీడ్ పాయింట్ దగ్గర తెగినా, కనెక్టర్ సరిగా అతకకపోయినా ఇంతే. ముందు డమ్మీ లోడ్‌తో కేబుల్‌ను వేరుచేసి చూడండి.
- ఎస్‌డబ్ల్యూఆర్ బ్యాండ్ ఒక అంచునే బాగుంది: కింది అంచున బాగుంటే తీగ పొడవెక్కువ, పై అంచున బాగుంటే పొట్టి. మడిచిన కొసలను సర్దండి.
- వానలో మాత్రమే పెరుగుతుంది: నీరు చేరింది. టేపు విప్పి కొత్తగా చుట్టండి, కేబుల్ నల్లబడితే మార్చండి.
- గాలికి సంఖ్య ఊగుతోంది: వదులు అతుకు. తీగ కొమ్మకు తగులుతోందేమో కూడా చూడండి.
- రోటేటర్ తిప్పినప్పుడు సిగ్నల్ పోతుంది: మాస్టు దగ్గర కేబుల్‌కు వదులు వలయం లేదు. రెండు కొసలకూ తిరిగేంత పొడవు ఉంచి మళ్లీ కట్టండి.
- దిశ ఎప్పుడూ కొన్ని డిగ్రీలు తప్పుతోంది: దిక్సూచి చూపే ఉత్తరానికి, నిజ ఉత్తరానికి మీ ప్రాంతంలో ఉండే తేడా కలపలేదు.

ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 దగ్గర తిరిగి వచ్చే శక్తి 4 శాతమే. 2 దగ్గర 11 శాతం. కాబట్టి 1.5ను 1.1 చేయడానికి మళ్లీ టవర్ ఎక్కొద్దు.

11. తర్వాత చూస్తూ ఉండాల్సినవి

మొదటి పెద్ద గాలివాన వెళ్లిన మర్నాడు, ఆ తర్వాత ఏడాదికోసారి:

- గై తీగల బిగువు, క్లాంపు నట్లు, టర్న్‌బకిల్ కట్లు
- నేలలోకి దిగే లంగరు కడ్డీ: చుట్టూ కొద్దిగా మట్టి తీసి తుప్పు చూడాలి
- టవర్ కాళ్ల అడుగున నీరు దిగే దారి మూసుకుపోయిందేమో
- తుప్పు మొదలైన చోట గీకి జింకు పెయింటు
- కేబుల్ మీద టేపు బీటలు, ఉడతలు కొరికిన గుర్తులు
- కేబుల్ నష్టం: మొదట రాసుకున్న అంకెతో పోల్చడం

ఎక్కేముందు ప్రతిసారీ రేడియో, రోటేటర్ రెండింటి ప్లగ్గులనూ గోడనుంచి లాగేసి, ఆ ప్లగ్గులను మీతోపాటే బయటికి తెచ్చుకోలేరు కాబట్టి, గది తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుని ఎక్కండి.